గోడకు జ్వరం వచ్చిన ఏడు

మొన్న ఆషాఢంలో, కరెంటు పోయిన ఒక మధ్యాహ్నం, ఎవరిదో పెళ్ళి శుభలేఖతో విసురుకుంటూ వరండాలో కూర్చుని ఉంటే ఫోను కుయ్యిమంది. వాతావరణం పిచ్చి ఉన్నవాళ్ళంతా చేరిన గ్రూపు ఒకటి ఉంది. అందులో నేను చదివేవాణ్ణేగాని రాసేవాణ్ణి కాదు. ‘ఈ చలికాలం మామూలుగా ఉండదు, రగ్గులు దింపి దులుపుకోండి’ అని ఎవరో పెట్టారు. దాని కింద ఎర్రటి మరకలు, నీలం మరకలు ఉన్న సముద్రాల పటాలు, బాణం గుర్తులు, ‘కాదు, ఈసారి చలే ఉండదు’ అని ఇంకొకాయన ఖండన, ఆ ఖండన చూసి మండిపడిన మరొకాయన. నా బనీను వీపుకి అతుక్కుపోయి ఉంది. కాళ్ళ కింద గచ్చు కాలుతోంది. అయినా అదేం రోగమో, లేచి లోపలికి వెళ్ళి, అటక మీద రగ్గు ఏ మూల ఉందా అని తలెత్తి చూశాను. వంటింట్లోంచి మా ఆవిడ చూసి, “మళ్ళీ మొదలైందా?” అంది. ఆ ‘మళ్ళీ’ వెనక పాతికేళ్ళ చరిత్ర ఉంది. ఈ చలికాలాల పందెంలో నేను వరసగా నాలుగేళ్ళు గెలిచాను, అయిదో ఏడు ఓడిపోయాను. నలుగురిలో గొప్పగా చెప్పుకునేది మాత్రం ఆ ఓడిపోయిన ఏడు గురించే.

తొంభైల చివర్లో మాకు ఫోన్లూ పటాలూ ఎక్కడివి? ఒక అరుగుండేది. బందరు కోనేరు సెంటరుకి కాస్త ఇవతల ఒక రేడియో రిపేరు కొట్టు, దాని ముందు మూడు మెట్లు. ఆ కొట్టాయన్ని ఊరంతా రేడియో మావయ్య అనేది, నేనూ అదే అనేవాణ్ణి. ఆయన బాగుచేసి ఇచ్చిన రేడియోలకంటే బాగుచేస్తానని ఉంచేసుకున్నవే ఎక్కువ. ఏ రేడియో వచ్చినా, సముద్రం మీదికి వెళ్ళేవాళ్ళకి చెప్పే హెచ్చరికలు అందులో స్పష్టంగా వినపడుతున్నాయా లేదా అని ముందు చూసేవాడు. వినపడ్డాయో, తుపాన్ల కాలం దాటేదాకా ఆ రేడియో ఇంటి ముఖం చూసేది కాదు. ఆదివారం ఆదివారం గుడివాడ నుంచి పాసింజరు బండిలో ఒక రిటైరైన సైన్సు మాస్టారు దిగేవారు, చేతిసంచిలో వాన కొలిచే సీసాతో. గిలకలదిండి నుంచి ఎండుచేపల తట్టతో ఒక పిన్ని వచ్చేది. అమ్మకం అయిపోయాక ఎండ దిగేదాకా ఆ మెట్ల మీదే కూర్చునేది. నాలుగోవాణ్ణి నేను. పగలు ఒక ఆఫీసులో గుమాస్తాని, పొద్దు పొడవక ముందు శాస్త్రవేత్తని. మమ్మల్ని వాతావరణ సంఘం అనడానికి నోరు తిరగక జనం వాతం బ్యాచ్ అనేవారు. నలుగురికీ మోకాళ్ళ నొప్పులు ఉండటం వల్ల ఆ పేరు మీద అభ్యంతరం చెప్పడానికి వీల్లేకపోయింది.

మా సంఘానికి ఒక్కటే నియమం. తొలి ఏకాదశి నాటికి, అంటే చేలల్లో నాట్లన్నా పూర్తికాక ముందే, రాబోయే చలికాలం ఎలా ఉంటుందో ఎవరికి వాళ్ళు ఒక చీటీ మీద రాసి, లోపలి సామానంతా ఊడదీసేసిన ఒక పాత రేడియో పెట్టెలో వెయ్యాలి. ఆ తర్వాత రథసప్తమి దాకా తియ్యకూడదు, దిద్దకూడదు. ఆ రోజు విప్పి చదివి, ఎవరిది నిజమైతే వాళ్ళ చీటీని మైదా ఉడికించి కొట్టు గోడకి అంటించాలి. ఏడాది పొడుగునా అది అక్కడే ఉంటుంది. అంతకంటే పెద్ద బిరుదు ఈ లోకంలో ఉంటుందని నాకు తోచేది కాదు. ఎందుకండీ అంత తొందర, దసరా అయ్యాక చెప్పుకోవచ్చుగా అని ఎవరైనా అడిగితే మావయ్య కళ్ళద్దాలు పైకి తోసి, “చలొచ్చాక చలొచ్చిందని మా ఇంట్లో మేక కూడా చెప్పుద్ది అల్లుడూ. మన గొప్పేముంది అందులో?” అనేవాడు.

మావయ్యకి ఆధారం రేడియోలో గరగర. ఆషాఢంలో గరగర ఎక్కువైతే కార్తీకంలో తుపాన్లు ఎక్కువ. మాస్టారికి ఆధారం సీసా. “ప్రకృతి ఊరికే ఇవ్వదోయ్, ఇప్పుడు ఎక్కువ కురిస్తే అప్పుడు తక్కువ వణికిస్తుంది” అనేవారు, సీసా కళ్ళ ఎత్తుకి పట్టుకుని. పిన్నికి రాయడం రాదు. ఆవిడ చీటీ మావయ్యే రాసిపెట్టేవాడు. ఏటా అదే రెండు మాటలు: ‘చలి వచ్చుద్ది. మంచు పడుద్ది.’ “ఇది జోస్యం కాదు పిన్నీ, కేలండరు” అని నేను ఎగతాళి చేస్తే, వక్క ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకి మార్చి, “అయితే కేలండరునే గెలిపించు బాబూ. నీకేం పోయింది?” అనేది. ఒళ్ళంతా ఉక్కతో తడుస్తూ చలి గురించి గంటలు గంటలు మాట్లాడుకోవడంలో ఒక సుఖం ఉంది. దారినపోయేవాళ్ళు గాలి కబుర్లు అని నవ్వేవారు. నిజమే, మావి అచ్చంగా గాలి కబుర్లే. ఏ దిక్కు గాలో మాత్రం చెప్పగలిగేవాళ్ళం.

ఇక నా ఆధారం థర్మామీటరు. మాస్టారే గుడివాడలో బడులకి సామాన్లు అమ్మే కొట్టుకి తీసుకెళ్ళి కొనిపించారు. ఎండ తగలకూడదు, వాన తగలకూడదు, ఉత్తరపు వైపు ఉండాలి అని పదిసార్లు చెప్పారు. మా ఇంట్లో ఆ మూడూ కుదిరింది పెరటి పక్కన ఉన్న ఉత్తరపు గోడ చూరు కిందే. రోజూ తెల్లవారుజామున అయిదున్నరకి లేచి, పాదరసం ఎక్కడుందో చూసి పుస్తకంలో రాసేవాణ్ణి. గోడ అవతల హల్వా చేసి అమ్మే బాబాయి ఉండేవాడు. నేను అంకెలు రాసుకునే వేళకి గోధుమపాలు, నెయ్యి కలిసి ఉడుకుతున్న వాసన చూరు మీదుగా దిగి వచ్చేది. శాస్త్రానికి ఇంత సువాసన అబ్బడం నా అదృష్టమనుకుని మురిసిపోయేవాణ్ణి. నలుగురిలోనూ యంత్రం ఉన్నది నా ఒక్కడి దగ్గరే కాబట్టి చలి ఉందో లేదో తేల్చే తీర్పు కూడా నా పుస్తకానిదే. ‘చలి తగ్గుతోంది’ అని ఏటా నేను చీటీ రాయడం, తగ్గిందని నా పుస్తకమే సాక్ష్యం చెప్పడం, నా చీటీ గోడకెక్కడం. మఫ్లరు చుట్టుకుని వణుకుతూ వచ్చిన మాస్టారితో, “మీకు వయసు వల్ల అలా అనిపిస్తోందండీ” అని చెప్పిన ఘనుణ్ణి నేను. ఆయన పాపం నిజమేనేమోనని మఫ్లరు విప్పేశారు కూడా.

నాగాయలంక దాటాక ఒక చిన్న ఊళ్ళో మా అక్కని ఇచ్చాం. ఆదివారం ఆదివారం అక్కకి కార్డు రాసేవాణ్ణి. అందులో నాలుగు వాక్యాలుంటే మూడు వాక్యాలు ఉష్ణోగ్రతలే. “నీ చలీ వేడీ సరే, పిల్లలెలా ఉన్నారో రాసి చావు” అని అక్క జవాబు. బావ నా ఎదట ఎప్పుడూ నా పిచ్చిని వెక్కిరించేవాడు. వాళ్ళది మూడెకరాలు, కాలవ చివరి భూమి. వరి తర్వాత రెండో పంటకి నీళ్ళు రావు. వరి కోతకి మూడు నాలుగు రోజుల ముందు, చేలో ఇంకా తడి పదును ఉండగానే, నిలబడి ఉన్న వరిలోకే మినుములు చల్లేస్తారు. కోత అయ్యేసరికి దుబ్బుల మధ్య మొలకలు లేచి ఉంటాయి. ఇక దానికి నీరు పెట్టేవాడు లేడు. నేలలో మిగిలిన పదునూ, చలికాలపు మంచూ తాగి బతకాల్సిందే. అక్కా వాళ్ళ మినుము రెండేళ్ళు వరసగా పోయింది. అప్పటికే చుట్టూ చేలన్నీ రొయ్యల చెరువులు అయిపోతున్నాయి. వీళ్ళ మూడెకరాల్ని కూడా చెరువుకి ఇవ్వమని ఒక కాంట్రాక్టరు తిరుగుతున్నాడు. ఒకసారి ఉప్పునీళ్ళు పెట్టాక ఆ నేల మళ్ళీ చేను కావడం కల్ల. పెళ్ళయిన ఏడు నుంచీ ఆ గట్ల మీద నడిచిన మనిషి అక్క. ఆ ఏడు భాద్రపదం ఆఖర్లో ఆవిడ కార్డు వచ్చింది: ‘మీ బావ విసిగిపోయారు. దసరా నాడు కాయితం మీద సంతకం పెడతానంటున్నారు. ఈసారి చీటీలో నువ్వేం రాశావో అడగమన్నారు.’ బావ నా చీటీ సంగతి అడిగాడన్న గర్వంలో, అడిగింది ఎందుకో ఆలోచించలేదు. ‘చలి ఉండదు, మంచు నామమాత్రం’ అని నా చీటీలో మాట మక్కీకి మక్కీ రాసి, కింద నాలుగేళ్ళ అంకెలు కూడా జతచేసి పంపాను.

అది పోస్టు చేసిన మూడో రోజు పొద్దున్నే పిన్ని ఎండు నెత్తళ్ళ చేపలు ఇవ్వడానికి మా ఇంటికి వచ్చింది. మా ఆవిడ గిన్నె తెచ్చేలోపు పెరట్లో ఉత్తరపు గోడకి వీపు ఆనించి కూలబడి, ఉలిక్కిపడి లేచింది.

“ఇదేంటి బాబూ, మీ గోడకి జ్వరమొచ్చిందా?”

“ఎండకి కాగిందేమోలే పిన్నీ.”

“ఉత్తరపు గోడకి ఎండేంటి? ఇంకా ఏడన్నా కాలేదు” అని మళ్ళీ కూర్చుని, ఈసారి రెండు మోకాళ్ళూ గోడకి ఆనించి, “అబ్బ, ఎంత హాయిగా ఉందో” అంది.

వంటింట్లోంచి మా ఆవిడ గిన్నెతో వస్తూ, “బాబాయిగారి గాడిపొయ్యి సరిగ్గా ఆ వెనకే పిన్నిగారూ. నాలుగింటికే వెలిగిస్తారు. చలికాలం పెరుగు తోడుకోదని నేను గిన్నె ఆ గోడవారే పెడుతుంటాను, ఇట్టే తోడుకుంటుంది” అంది.

నేను వెళ్ళి గోడకి అరచెయ్యి ఆనించి చూశాను. “నాలుగేళ్ళ నుంచీ పెడుతున్నావా? మరి నాకెందుకు చెప్పలేదు?”

“మీరు అడిగారా? పైగా మీ థర్మామీటరు కూడా అక్కడే తగిలించారు. తెలిసే పెట్టారనుకున్నా, పెద్ద శాస్త్రవేత్త కదా.”

పిన్ని నా ముఖం చూసింది, గోడకి వేలాడుతున్న థర్మామీటరు చూసింది, తట్ట పక్కన పెట్టి మరీ నవ్వింది. “నాలుగేళ్ళు నువ్వు గెలిచింది ఈ గోడ మీదా బాబూ! ఆ పంతులుగారి చేత మఫ్లరు కూడా విప్పించావు గదయ్యా!” అని. బాబాయి మొదట్లో ఒక పొయ్యి పెట్టాడు, పెళ్ళిళ్ళ ఆర్డర్లు పెరిగి రెండో పొయ్యి పెట్టాడు. నా పుస్తకంలో చలి ఏటేటా తగ్గిన కారణం అదీ. శీతాకాలం మా ఊరి మీద శీతకన్ను వేసిందని నేను చాటుతుంటే, అది పాపం ఊరంతా తిరిగి మా ఇంటి గోడ దగ్గర మాత్రం హల్వా పొయ్యి దాటి రాలేక ఆగిపోయిందన్నమాట. మర్నాడు తెల్లవారుజామున థర్మామీటరు తీసుకెళ్ళి పెరటి చివర కొబ్బరిచెట్టుకి కట్టాను. పాదరసం అయిదు గీతలు కిందికి జారింది. దానితోపాటు నేనూ.

నవ్వు అణిగాక గుర్తొచ్చింది, అక్కకి వెళ్ళిన కార్డు. దసరా ఇంకా నాలుగు రోజులుంది. ఇంకో కార్డు రాస్తే సమయానికి అందుతుందో లేదో. సెలవు పెట్టి, సరస్వతీ పూజ నాడు పొద్దున్నే బస్సెక్కాను. లోకమంతా పుస్తకాలకి బొట్టు పెట్టి పూజ చేసుకుంటుంటే, నేను నా పుస్తకం చంకలో పెట్టుకుని దాని తప్పు ఒప్పుకోవడానికి వెళ్తున్నాను. పిన్ని కూడా వచ్చింది. ఆవిడ కూతుర్ని నాగాయలంకలోనే ఇచ్చారు. “నీ ఒక్కడి మాట ఇంకెవరు నమ్ముతారు బాబూ” అని తట్టతో సహా ఎక్కింది. బస్సులో మా చుట్టూ రెండు సీట్ల మేర ఎవరూ కూర్చోలేదు. ఎండుచేపల వల్లనని పిన్ని అంది. ఆ రోజు నా ముఖం చూసినా కూర్చునేవాళ్ళు కాదు.

బావ పశువుల పాక ముందు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నా లెక్క తప్పని, ఈ ఏడు చలి ఉండదని రాసింది నమ్మొద్దని గబగబా చెప్పేశాను. ఆయన లోపలికి వెళ్ళి, వంచిన ఒక ఇనప ఊచ తెచ్చాడు. దానికి నా కార్డులన్నీ వరసగా గుచ్చి ఉన్నాయి, నాలుగేళ్ళవీ.

“నువ్వే కదయ్యా మా గృహప్రవేశం భోజనాల్లో చెప్పావు, పాదరసం ఇరవై రెండుకి దిగితేగాని మంచు పట్టదని, అప్పుడు చల్లితేనే మినుము ఎత్తుకుంటుందని. నీ కార్డులో ఇరవై రెండు ఎప్పుడు పడుతుందా అని చూశాను. అటు మొన్న ఏడు పదిహేను రోజులు ఆగాను. పోయినేడు ఆ అంకె రానే లేదు. ఆగి ఆగి చల్లేసరికి చేను నెర్రెలిచ్చింది. చుట్టూ ఉప్పు వల్లే మొలవలేదనుకున్నాను.”

రెండేళ్ళ మినుము పోవడానికి కారణం ఉప్పూ కాదు, తుపానూ కాదు. నేను. గోడ సంగతి, పొయ్యి సంగతి, పెరుగు గిన్నె సంగతి పిన్నే చెప్పింది, ఏదీ దాచకుండా. బావ ఆ కార్డుల కట్టకేసి చూసి, ఒక్కొక్క మాటే పేర్చినట్టు, “అంటే బావమరిదీ, రెండేళ్ళ నుంచీ నేను బందరు హల్వా పొయ్యిని చూసి ఇక్కడ మినుము చల్లుతున్నానన్నమాట” అన్నాడు.

ముందు నవ్వింది అక్కే, పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని. కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వి, “అన్నేళ్ళు గోడ అవతల అంత హల్వా కాగితే, ఒక్క పొట్లమన్నా పంపావురా నాకు?” అంది. ఆ నవ్వు ఎటు తిరిగితే ఏడుపు అవుతుందో నాకు తెలుసు. బావకీ తెలుసు.

పిన్ని అడిగింది. “మీ అత్తగారు ఏ థర్మామీటరు చూసి చల్లించేదమ్మా?”

“ఆవిడకి థర్మామీటరేంటి? తెల్లారేసరికి గట్టు మీద ఓ చుట్టు తిరిగొచ్చేది. చీర కుచ్చెళ్ళు తడిసి, చేలో మడమ దిగబడితే ఆ రోజే చల్లమనేది.”

“మరింకేం, నీకూ చీరలున్నాయిగా.”

“అది సరే. ఈ ఏడు చలి ఉంటుందంటావా?” అన్నాడు బావ. ఎప్పుడూ నా పిచ్చిని వెక్కిరించే మనిషి గొంతులో అంత బెంగ నేను అంతకుముందు వినలేదు.

“నేనెట్టా చెప్తాను బాబూ, నాకేమన్నా చుట్టమా అది? అసలెప్పుడు పోయింది గనక రాకుండా ఉండటానికి! పోయినేడు కూడా ఎండబెట్టిన నెత్తళ్ళు తెల్లారేసరికి మంచుకి ముద్దయిపోయేయి. మళ్ళీ మొదట్నించీ ఎండబెట్టుకునేవాళ్ళం. గిలకలదిండిలో అంత మంచు పడితే, మీ చేలోకి రాకుండా ఎటు పోయుద్ది?”

దసరా నాడు కాంట్రాక్టరు మోటారు సైకిలు మీద కాయితాలతో వచ్చాడు. పండగ కదా అని చేతిలో ఒక పొట్లం. అక్క విప్పి చూసి లోపలికి పరిగెత్తింది, నవ్వు ఆపుకోలేక. బందరు హల్వా. ఆ పెద్దమనిషికి తాను చేసిన తప్పేమిటో అర్థం కాలేదు. బావ ఒక ముక్క నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని తిని, “హల్వా ఉంచండి. కాయితాలు పట్టుకెళ్ళండి” అన్నాడు. “చుట్టూ చెరువులేనండీ. ఇంకో ఏడాదికి మీరే నన్ను వెతుక్కుంటూ వస్తారు, అప్పుడు నేను దొరకను” అని ఆయన మోటారు సైకిలు తిప్పాడు. బావ ముఖంలో ధైర్యం ఉందిగాని, అందులో సగం హల్వాదేమోనని నాకు భయం. మినుము పోతే ఈసారి ఏ దారీ లేదు.

బందరు తిరిగొచ్చి మావయ్యకీ మాస్టారికీ జరిగింది చెప్పాను. మాస్టారు సంచిలోంచి మఫ్లరు తీసి, ఆశ్వయుజపు ఎండలో మెడకి చుట్టుకుని కూర్చున్నారు. అంతకంటే పెద్ద శిక్ష ఇంకేముంటుంది? పెట్టెలో ఉన్న నా చీటీ మార్చడానికి నియమం ఒప్పుకోదు. ‘చలి ఉండదు’ అన్న నా చేతిరాత అక్కడే ఉంది. ఓడిపోవాలని అంత గట్టిగా కోరుకుంటూ నేను ఆడిన పందెం అదొక్కటే.

కార్తీకంలో రేడియోలో వాయుగుండం అన్నారు. మామూలుగా అయితే మావయ్యకి పెళ్ళివారి హడావిడి వచ్చేది. ఆ మూడు రోజులూ ఆయన తిండి సరిగా తినలేదు. కోతకొచ్చిన వరి మీద వాన పడితే వరీ పోతుంది, మినుమూ చల్లలేరు. నాలుగు రేడియోలు ఒకేసారి పెట్టుకుని చెవి ఆనించి కూర్చున్నాడు, వేరే రేడియో వేరే కబురు చెబుతుందేమోనని. వాయుగుండం సముద్రంలోనే బలహీనపడిందని తెలిసిన సాయంత్రం, “నేను రెండు తుపాన్లు వస్తాయని రాశాను అల్లుడూ. నా చీటీ చెడిపోవాలని చెయ్యెత్తి మొక్కుకున్నాను” అన్నాడు. మాస్టారు తల దించుకుని, “నాదీ అంతేనోయ్. వానలు ఎక్కువ, చలి తక్కువ అని రాశాను” అన్నారు. ముగ్గురం ముగ్గురి చీటీలూ అబద్ధం కావాలని కోరుకుంటూ కూర్చున్న సంఘం ఇంకెక్కడా ఉండి ఉండదు.

మార్గశిరంలో అక్క కార్డు ఆఫీసుకి వచ్చింది. నా జబ్బు ఆవిడకీ అంటుకుందని చూడగానే తెలిసింది: ‘మంగళవారం. కుచ్చెళ్ళు తడిశాయి. మడమ దిగింది. చల్లాం.’ అది పట్టుకుని నేరుగా కొట్టు దగ్గరికి వెళ్ళి మెట్ల మీద నిలబడి చదివాను. పిన్ని రెండోసారి చదివించుకుంది. వాతావరణం గురించి అంత చక్కటి నివేదిక నా నాలుగేళ్ళ పుస్తకంలో ఒక్కటీ లేదు.

ఆ తర్వాత చలి వచ్చింది. అది రావడం కూడా ఏదో పాత బాకీ తీర్చడానికన్నట్టు కాదు, ఊరేగింపులా వచ్చింది. పుష్యంలో బందరు వీధుల్లో ఎనిమిదింటికి కూడా బస్సులు దీపాలు వేసుకుని నడిచాయి. ఆఫీసులో ఫ్యాన్లు ఆపేశారు. కొబ్బరినూనె గడ్డకట్టి, మా ఆవిడ సీసాని ఉత్తరపు గోడవార పెట్టడం మొదలుపెట్టింది. కొబ్బరిచెట్టు కింద పాదరసం ఇరవై రెండు దాటి, ఇరవై దాటి, ఇంకా దిగింది. పొద్దున్నే చేతులు వణుకుతూ అంకె రాసుకుంటూ నేను నవ్వుకుంటుంటే, “చలికి పళ్ళు బయటపెట్టేవాణ్ణి చూశానుగాని ఇలా నవ్వేవాణ్ణి చూడలేదు” అని హల్వా బాబాయి గోడ మీంచి తొంగిచూశాడు. అక్కకి పాత అలవాటు కొద్దీ అంకెలు రాస్తే బావ స్వయంగా జవాబు రాశాడు: ‘ఇక రాయనక్కర్లేదు. ఇక్కడ తెలుస్తోంది.’

రథసప్తమి నాడు చీటీలు విప్పాల్సింది కొట్టు దగ్గర. నలుగురం ఏకగ్రీవంగా నియమం మార్చి, పెట్టె మావయ్య ఒళ్ళో పెట్టుకుని నాగాయలంక బస్సెక్కాం. రేడియోకి టిక్కెట్టు కొడతానని కండక్టరు పట్టుబడితే, “ఇది పాడే రేడియో కాదు నాయనా, జోస్యం చెప్పే రేడియో” అన్నాడు మావయ్య. “అయితే నాకు ట్రాన్స్‌ఫరు ఎప్పుడో చెప్పమనండి” అన్నాడు కండక్టరు. దిగి చేలోకి నడిచేసరికి మాస్టారి పంచె మోకాళ్ళ దాకా తడిసిపోయింది. గట్టు మలుపు తిరిగాం. చుట్టూ చెరువుల నీళ్ళు అద్దాల్లా మెరుస్తుంటే, మధ్యలో మా అక్క మూడెకరాలు, నేల కనపడకుండా కమ్ముకున్న మినుము. ఆకు ఆకుకీ మంచు బొట్టు, కింద గుత్తులు గుత్తులుగా నల్లబడుతున్న కాయలు. పక్క ఊళ్ళ రైతులు నలుగురు గట్టు మీద నిలబడి ఏ రోజు చల్లారని బావని అడుగుతున్నారు. బావ ఎండిన కాయ ఒకటి తుంచి మాస్టారి చెవి దగ్గర ఆడించాడు. అది గలగలమంది. అక్క తడిసిన కుచ్చెళ్ళు రెండు చేతులా పట్టుకుని ఆ చివర నుంచి ఈ చివరికి నడిచి వచ్చింది, పెళ్ళికూతుర్ని తీసుకొస్తున్నట్టు తనని తానే.

గట్టు మీద పెట్టె దింపి మావయ్య చీటీలు విప్పాడు. తన రెండు తుపాన్లు చదివి తానే నవ్వాడు. మాస్టారి వానలు చదివాడు. నాది వచ్చింది. ‘చలి ఉండదు. మంచు నామమాత్రం.’ అప్పటికి మా అందరి బట్టలూ మంచుకి తడిసి కాళ్ళకి చుట్టుకుపోతున్నాయి. “ఇంకోసారి చదవండి మావయ్యగారూ” అన్నాడు బావ. చదివాడు. “ఇంకొక్కసారి” అంది అక్క. మూడోసారి నేనే చదివాను, పెద్దగా, చెరువులన్నిటికీ వినపడేలా. ఆఖరున పిన్ని చీటీ. ‘చలి వచ్చుద్ది. మంచు పడుద్ది.’ రైతులు కూడా చప్పట్లు కొట్టారు. అది కొట్టు గోడకి కాదు తమ ఇంటి గోడకి అంటించాలని బావ, సంఘం ఆస్తి ఇవ్వనని మావయ్య పట్టుదలకి పోయారు. “నాకు చదవడం రాదు. ఎక్కడంటిస్తే నాకేంటి? రెండు కుంచాల మినుములివ్వండి, అది చాలు” అని పిన్ని తేల్చేసింది. దూరంగా మోటారు సైకిలు ఒకటి ఆగి, కాంట్రాక్టరు కాసేపు చూసి, దగ్గరికొచ్చి మొహమాటపడుతూ, మినుములు కొట్టాక ఇంటికి ఒక కుంచెడు ఇప్పించమన్నాడు. ఇస్తానని బావ అన్నాడు, ఈసారి హల్వా తేనక్కర్లేదని కూడా.

ఎండ పైకి వచ్చి మంచు ఆవిరవుతుంటే బావ గట్టు మీద చతికిలబడి, ఊరికే అన్నట్టు, “సరేగాని, వచ్చే చలికాలం సంగతేంటి?” అన్నాడు. నలుగురం ఒకేసారి మొదలుపెట్టాం. మావయ్య గరగర అంటున్నాడు, మాస్టారు సంచిలో సీసా కోసం వెతుకుతున్నారు, పిన్ని తన రెండు మాటలూ అప్పుడే రాసుకోమంటోంది. అందరికంటే గట్టిగా అరుస్తున్నది అక్క. ఉన్న చలికాలం ఇంకా చేలోంచి లేచి వెళ్ళనన్నా లేదు. ఆ రోజుల్లో మేం కాలం కంటే నాలుగడుగులు ముందు నడిచేవాళ్ళం. ఇప్పుడది ముందు నడుస్తోంది, మేం వెనకాల వస్తున్నాం. అయినా మెట్ల మీదో ఫోన్లోనో పోట్లాడుకుంటూ నడిచేవాళ్ళకి దూరం పెద్దగా తెలియదు.